పొన్మో తినొచ్చా అంటే, దాన్ని దేంతో కాల్చారో ముందు చెప్పాలి

నైజీరియాలోని లేగోస్ నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది: "ఇక్కడికి వచ్చి ఎనిమిది నెలలైంది. ఆఫీసు దగ్గర భోజనంలో పొన్మో అని ఆవు తోలు ముక్కలు వేస్తారు. నాకూ, మా ఆవిడకీ బాగా అలవాటైపోయింది. దాన్ని పాత టైర్ల మంట మీద కాలుస్తారని మొన్ననే తెలిసింది. బాగా కడిగి ఉడికిస్తే ఆ విషం పోతుందా? తెల్లది, గోధుమరంగుది అని రెండు రకాలు దొరుకుతాయి, తేడా ఏమైనా ఉందా? అసలు అందులో పోషకాలే లేవు, గవర్నమెంటు కూడా ఆపేయబోతోంది అని ఒకరు అన్నారు. మా ఆవిడకి ఇప్పుడు ఐదో నెల."

ఆహారంలో చేరే కలుషితాలను కొలిచే ల్యాబుల్లో ఇరవై ఏళ్లు పనిచేశాను. అందులో మూడేళ్లు ఘానా రాజధాని అక్రాలో. అక్కడ దీన్ని వెలే అంటారు. పొద్దున్నే వాచే అనే బొబ్బర్ల అన్నంలో రెండు ముక్కలు వేయించుకుని నేనూ తిన్నవాడినే, కాబట్టి "ఛీ, తోలు తింటారా" అనే ధోరణిలో ఇది రాయడం లేదు.

అన్నిటికన్నా ముందు మీ ఆవిడ సంగతి. కాల్చిన రకం ఆవిడ ఇవాళ్టి నుంచి మానేయాలి. కానుపయ్యాక, బిడ్డ పాలు తాగినన్నాళ్లూ కూడా వద్దు. ఇప్పటిదాకా తిన్నదాని గురించి కంగారు పడకండి, దాని గురించి చివర్లో రాస్తాను.

ఇక విషయానికి వస్తే, తోలుని ఎందుకు కాలుస్తారంటే బొచ్చు పోవడానికి. తోలు ఒలిచి చెప్పులకు పంపే చోట ఈ బాధ లేదు. తోలే తిండి అయినప్పుడు బొచ్చుని ఎలాగోలా వదిలించాలి. దానికి ముఖ్యమైన దారులు రెండు. మరిగే నీళ్లలో వేసి కత్తితో గీకడం ఒకటి, మంట మీద తిప్పి మాడిన బొచ్చుని గీకేయడం రెండోది. మొదటి దారిలో వచ్చేది మీరు చూసిన తెల్ల పొన్మో. రెండో దారిలో వచ్చేది గోధుమరంగుది. కాల్చిన దానికి ఒక కమ్మటి పొగ వాసన, కొంచెం బిరుసు వస్తాయి. ఎగుసి, ఎఫో రిరో అనే అక్కడి కూరల్లో చాలామంది ఇష్టపడేది దీన్నే.

మంట తగిలినంత మాత్రాన తిండి విషమైపోదు. పందిని వేడినీళ్లలో ముంచి, బొచ్చు తీసి, మిగిలిన నూగుని గ్యాసు మంటతో కాల్చడం యూరప్ కబేళాల్లో రోజూ చట్టప్రకారం జరిగే పనే. కాబట్టి కాల్చారా లేదా అన్నది సగం ప్రశ్నే. మిగతా సగం, మంట కింద ఏం పెట్టారన్నది.

కట్టెలు ఖరీదు, గ్యాసు ఇంకా ఖరీదు, పాత టైర్లు దాదాపు ఊరికే వస్తాయి. పైగా టైరు ఒకసారి అంటుకుంటే ఆరదు, వానలో కూడా మండుతుంది, ఆవు తోలు మీద ఉండే దట్టమైన బొచ్చుని నిమిషాల్లో లేపేస్తుంది. పని చేసేవాడి వైపు నుంచి చూస్తే అంతకన్నా మంచి ఇంధనం లేదు. నైజీరియాలోనూ ఘానాలోనూ టైర్లతో పాటు వాడిపారేసిన ఇంజనాయిల్, ప్లాస్టిక్ చెత్త, కిరోసిన్, కొన్నిచోట్ల ఇన్సులేషన్ ఉన్న కరెంటు వైర్లు కూడా ఈ మంటల్లోకి వెళ్తాయి. వైర్లలో లాభం రెండింతలు. తోలు కాలుతుంది, రాగి మిగులుతుంది.

టైరులో ఏముందో చూస్తే మిగతాది మీకే అర్థమవుతుంది. రబ్బరు తర్వాత అందులో ఎక్కువగా ఉండేది కార్బన్ బ్లాక్, బరువులో పావు వంతు దాకా. అంటే సగం పని ఫ్యాక్టరీలోనే అయిపోయిన మసి అన్నమాట. రబ్బరు గట్టిపడటానికి గంధకం, ఆ చర్య వేగంగా జరగడానికి జింక్ ఆక్సైడ్ కలుపుతారు, ఒక్కోటి ఒకటి రెండు శాతం. జింక్ వెంట మలినంగా కాడ్మియం, సీసం కొద్ది కొద్దిగా వస్తాయి. మెత్తదనానికి నూనెలు పోస్తారు. పాతకాలం టైర్లలో ఈ నూనెల్లోనే క్యాన్సర్ కారకాలు దండిగా ఉండేవి. యూరప్ వాళ్లు 2010 జనవరి నుంచి వాటికి పరిమితి పెట్టారు. దానికి ముందు తయారైనవి, ఆ నియమం లేని చోట తయారైనవి ఎక్కడికి చేరాయో చెప్పక్కర్లేదు. లోపల ఉక్కు తీగలు, వాటిమీద రాగి, జింకుల పూత.

ఇదంతా మండినప్పుడు తోలు మీదకి వచ్చేవి రెండు జాతులు. పొగతో వచ్చే పీఏహెచ్‌లు ఒక జాతి, బూడిదతో వచ్చే లోహాలు ఇంకో జాతి. ప్లాస్టిక్, వైర్లు కూడా కలిస్తే మూడోది తోడవుతుంది, డయాక్సిన్లు.

పీఏహెచ్‌లంటే బెంజీన్ వలయాలు ఒకదానికొకటి అతుక్కుని ఏర్పడే పదార్థాలు. గాలి చాలక ఏది మండినా ఇవి పుడతాయి. కట్టె పొగలోనూ ఉంటాయి, సిగరెట్టులోనూ ఉంటాయి, నిప్పుల మీద కొవ్వు చుక్క పడి లేచే పొగలోనూ ఉంటాయి. వీటిలో పేరుమోసింది బెంజోపైరీన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని గ్రూప్ 1లో పెట్టింది, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని ఖాయంగా తేలినది. మసికీ క్యాన్సర్‌కీ ఉన్న చుట్టరికం చాలా పాతది. లండన్‌లో పొగగొట్టాలు శుభ్రం చేసే కుర్రాళ్లకి పెద్దయ్యాక వృషణాల సంచి చర్మం మీద క్యాన్సర్ వస్తోందని, దానికి కారణం మసేనని 1775లోనే పెర్సివాల్ పాట్ అనే సర్జన్ రాశాడు. ఆ మసి గుట్టు బెంజోపైరీనని తేలడానికి 1930ల దాకా పట్టింది.

డయాక్సిన్ల కథ వేరు. అవి పుట్టాలంటే క్లోరిన్ కావాలి, కార్బన్ కావాలి, ఓ మాదిరి వేడి కావాలి, రాగి లాంటి ఉత్ప్రేరకం ఉంటే ఇంకా మంచిది. పీవీసీ తొడుగున్న రాగి వైరులో ఇవన్నీ ఒకేచోట అమరి ఉన్నాయి. ఇంతకన్నా చక్కటి డయాక్సిన్ కార్ఖానా కావాలని కోరుకున్నా దొరకదు. ఇవి కొవ్వులో చేరి మనిషి ఒంట్లో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. సగం తగ్గడానికే ఏడేళ్ల పైన పడుతుంది. తల్లి ఒంట్లో దాచుకున్నది పాల ద్వారా బిడ్డకి కొంత దిగుతుంది. మీ ఆవిడ విషయంలో నేను అంత గట్టిగా చెప్పడానికి ఇదొక కారణం. రెండో కారణం సీసం. కడుపులో బిడ్డకి తిండి అందించే మాయ (ప్లసెంటా) దానికి అడ్డు కాదు, నేరుగా దాటిపోతుంది. ఇంత దాకా తీసుకుంటే పర్లేదు అనే వారపు పరిమితి సీసానికి ఒకప్పుడు ఉండేది. దాన్ని 2010లో అంతర్జాతీయ నిపుణుల కమిటీ వెనక్కి తీసుకుంది. ఎందుకంటే, పిల్లల మెదడుకి హాని చేయని మోతాదంటూ కనబడలేదు.

కడిగితే పోతుందా అన్నదానికి అక్రా ల్యాబులో చూసినదే చెప్తాను. ఒకే తోలులో పక్కపక్క నుంచి రెండు ముక్కలు తీశాం. ఒకటి కాల్చింది కాల్చినట్టే ఉంచాం. రెండోదాన్ని మార్కెట్లో ఆడవాళ్లు చేసినట్టే, నీళ్లలో నానేసి, కత్తితో గీకి, ఇనుప పీచుతో తోమి, మూడు నీళ్లు మార్చి కడిగాం. చూడటానికి బంగారం రంగులో, అద్దంలా వచ్చింది. రెండు ముక్కల్లోనూ పై పొరని, అడుగున కొవ్వు అంటుకుని ఉన్న పొరని విడివిడిగా కోసి, కొవ్వుని కరిగించే హెక్సేన్ అనే ద్రావకంలో ఊరబెట్టాం. పీఏహెచ్‌లు అతినీలలోహిత (యూవీ) కాంతిలో మెరుస్తాయి. లైట్లు ఆపి యూవీ దీపం కింద పెడితే, కడగని ముక్క పై పొర ఊరిన సీసా నీలంగా వెలిగిపోయింది. కడిగిన ముక్కది బాగా మందగించింది. కొవ్వు పొరల సీసాలు రెండూ మాత్రం పక్కపక్కన పెడితే ఏది ఏదో గుర్తుపట్టలేకపోయాం. యూవీ వెలుగు కొలత కాదు, తర్వాత మెషిన్ మీద పెట్టాల్సిందే. కానీ జరిగేదేమిటో అక్కడే కళ్లకి కట్టింది. మసి పోతుంది, మసిలోంచి కొవ్వులోకి దిగినది పోదు. పీఏహెచ్‌లు నీళ్లలో కరగవు, కొవ్వంటే మాత్రం ప్రాణం పెడతాయి. మంట మీద తోలు వేడెక్కి కొవ్వు కరిగినప్పుడే వాటికి దారి దొరుకుతుంది.

కాబట్టి కడగడం దండగ అని కాదు. పైన కూర్చున్న మసి, బూడిద పోతాయి, వాటితో పాటు లోహాల్లో ఒక భాగం కూడా పోతుంది. ఉడికించి మొదటి నీళ్లు పారబోస్తే ఇంకొంచెం. అడుగున ఉన్న కొవ్వుని కోసి పారేస్తే అదే అన్నిటికన్నా ఎక్కువ లాభం, జనం చేయనిది కూడా అదే. నిమ్మరసం, ఉప్పు, బట్టల సబ్బు... వీటిని నమ్ముకోకండి. సబ్బుతో కడిగితే దాని అవశేషం ఒకటి కొత్తగా చేరుతుంది, అంతే.

అమ్మేవాళ్లు "ఇది గ్యాసు మీద కాల్చింది" అని చెప్తుంటారు. మేము నమ్మకం కోసం చూసే గుర్తు ఒకటుంది, జింక్. తోలులో సహజంగానే కొంత జింక్ ఉంటుంది, అది ఒంటికి అవసరమైన లోహమే, దానివల్ల భయం లేదు. కానీ అదే ఆవు కాల్చని తోలు ముక్కతో పోల్చినప్పుడు కాల్చిన ముక్క పై పొరలో జింక్ ఎగబాకి ఉంటే, అక్కడ టైరు మండిందని అనుమానం. ఇంజనాయిల్ వాడినా ఇలాగే కనిపిస్తుంది, ఎందుకంటే ఆ నూనెలో అరుగుదల తగ్గించడానికి కలిపే మందులో కూడా జింక్ ఉంటుంది. మసి పూసి మారేడుకాయ చేసేవాళ్ల గురించి వింటూనే ఉంటాం. వీళ్లు మసి కడిగి మారేడుకాయ చేస్తారు.

ఇక అంకెలు. కాల్చిన తోలుకంటూ యూరప్‌లో విడిగా పరిమితి లేదు. దగ్గరగా ఉన్నది పొగబెట్టిన మాంసం. అందులో బెంజోపైరీన్ కిలోకి 2 మైక్రోగ్రాములు, ముఖ్యమైన నాలుగు పీఏహెచ్‌లూ కలిపి 12 మైక్రోగ్రాములు దాటకూడదు. 2014 సెప్టెంబరు నుంచి ఇదీ లెక్క. అంతకుముందు 5, 30 ఉండేవి. నిప్పుల మీద కాల్చిన మాంసానికి ఇప్పటికీ ఆ 5, 30 నడుస్తున్నాయి. ఇవి గీత దాటితే జబ్బు, దాటకపోతే క్షేమం అనే అంకెలు కావు. జాగ్రత్తగా చేస్తే ఇంతలోపు ఉంచవచ్చు అని పెట్టినవి.

మీ ఒంటికి ఎంత అనేది ఇలా లెక్కేయండి. ఎలుకల మీద ప్రయోగాల నుంచి యూరప్ ఆహార భద్రతా సంస్థ 2008లో నాలుగు పీఏహెచ్‌లకి కలిపి, క్యాన్సర్ పెరుగుదల కనిపించడం మొదలయ్యే ఒక మోతాదు తీసింది, ఒంటి బరువు కిలోకి రోజుకి 0.34 మిల్లీగ్రాములు. క్యాన్సర్ కారకం కాబట్టి అందులో పదివేలో వంతు కన్నా తక్కువుంటే పెద్దగా ఆందోళన లేదంటారు. 60 కిలోల మనిషికి అది రోజుకి 2 మైక్రోగ్రాములు. ఇప్పుడు ఊహకి ఒక అంకె అనుకుందాం. తోలులో కిలోకి 120 మైక్రోగ్రాములు, అంటే పొగబెట్టిన మాంసం పరిమితికి పదింతలు. మీరు వారానికోసారి వంద గ్రాములు తిన్నారు, 12 మైక్రోగ్రాములు. ఏడు రోజులకి పంచితే రోజుకి 1.7. మీకున్న 2 దాదాపు అయిపోయింది. నూనె, కాల్చిన చేప, రోడ్డు మీద డీజిల్ పొగ, జనరేటర్ పొగ ఇంకా లెక్కలోకి రానేలేదు. రోజూ తినేవాళ్ల సంగతి మీరే వేసుకోండి. అదే తోలు పరిమితి లోపు, 12 దగ్గర ఉంటే, వారానికోసారి తినడం మీద నేను ఒక్క మాట కూడా అనను.

ఇక్కడ ఒక పిట్టకథ చెప్పాలి, పేపర్లలో వచ్చే రిపోర్టులు చదివేటప్పుడు పనికొస్తుంది. పొన్మో రాత్రంతా నీళ్లలో నానితే ఉబ్బి బరువు బాగా పెరుగుతుంది. అమ్మేవాళ్లు నానబెట్టడానికి అదీ ఒక కారణమే. కలుషితం అంతే ఉంటుంది, ముక్క బరువు పెరుగుతుంది, కాబట్టి "కిలోకి ఇంత" అన్న అంకె పడిపోతుంది. ఒక చోట పొడి బరువు మీద కొలిచి "భయంకరం" అని రాస్తారు, ఇంకోచోట నానిన ముక్క మీద కొలిచి "క్షేమం" అని రాస్తారు. తోలు ఒకటే అయ్యుండొచ్చు. ఏ బరువు మీద కొలిచారో రాయని రిపోర్టుని నేను పక్కన పడేస్తాను.

తెల్లదా గోధుమరంగుదా అంటే, ఈ కలుషితాల వరకు తెల్లదే మేలు, సందేహం లేదు. వేడినీళ్లకి పొగ ఉండదు. కానీ రంగు చూసి మోసపోకండి. కొందరు కాల్చినదాన్ని బాగా గీకి తెల్లగా చేస్తారు. ముక్కని ముక్కు దగ్గర పెట్టుకుంటే కమురు వాసన కొంచెమైనా వస్తుంది. కట్టెల పొగ వాసనకీ టైరు వాసనకీ తేడా మీకు ఎలాగూ తెలుస్తుంది. తెల్లదానితో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. తోళ్ల పరిశ్రమ కోసం మందులు చల్లి నిల్వచేసిన తోళ్లు, సగం ఊనినవి (అంటే చెప్పులకి పనికొచ్చేలా పదును చేసినవి), తిండి బజారుకి వస్తే అది టైరు మంట కన్నా ఘోరం. తిండికి వాడే జెలటిన్ తయారీలో కూడా, ఊనడం మొదలుపెట్టిన తోలుని, పని పూర్తయినా కాకపోయినా, వాడకూడదని యూరప్ చట్టం. అందుకే అప్పుడే కోసిన జంతువు తోలుని అమ్మేవాళ్ల దగ్గరే కొనండి. ఎక్కడి నుంచో మూటల్లో దిగిన ఎండు తోలు వద్దు.

పోషకాలు లేవన్నది సగం నిజం. తోలు అంతా కొలాజెన్, అది ప్రోటీనే. కాకపోతే అందులో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం లేదు కాబట్టి దానొక్కదాని మీదే బతకలేం. పక్కన బీన్స్, చేప ఉన్న పళ్లెంలో అది లోటేమీ కాదు. నిషేధం మాట మాత్రం ఆరోగ్యం దగ్గర పుట్టింది కాదు. నైజీరియాలోని జారియాలో తోళ్ల సాంకేతిక సంస్థ ఒకటుంది, ప్రభుత్వానిదే. తోలంతా జనం తినేస్తుంటే చెప్పుల ఫ్యాక్టరీలకి ఏం మిగులుతుందని 2022లో దాని పెద్ద చట్టం తేవాలన్నారు. అది వాళ్ల బాధ, న్యాయమైనదే అయ్యుండొచ్చు. కానీ దాన్ని "విషం కాబట్టి నిషేధం" అని కలిపి చెప్తుంటే నాకు చిరాకు. పేదవాడి పళ్లెంలో మాంసం రుచి ఉన్నది అదొక్కటే. తోలు ఆపక్కర్లేదు, టైరు ఆపితే చాలు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ 2009లోనే పొగబెట్టే తిండి గురించి రాస్తూ డీజిల్, టైర్లు, పాత నూనెలు ఇంధనంలో కొంచెం కూడా కలపొద్దని చెప్పింది. గ్యాసు బర్నరు మీద కాల్చినా బొచ్చు మాడినచోట కొంత పీఏహెచ్ వస్తుంది, కాకపోతే ఇంధనం నుంచి లోహాలు రావు. మంట నీలంగా ఉండాలి. పసుప్పచ్చగా నాలుకలు చాస్తోందంటే గాలి చాలట్లేదని, మసి పడుతోందని అర్థం.

మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. ఈ వ్యవహారంలో అందరికన్నా ఎక్కువ నష్టపోయేది మనం కాదు, ఆ మంట దగ్గర నిలబడే కుర్రాళ్లు. నేను చూసిన ఒక చోట పద్దెనిమిదేళ్లు కూడా నిండని పిల్లాడు పొడవాటి ఇనుప కొక్కేనికి తోలు గుచ్చి, పొగ ఎటు తిరిగితే అటు నుంచి తప్పుకుంటూ పని చేస్తున్నాడు. ముక్కుకి తడిగుడ్డ కట్టుకున్నాడు. పనయ్యాక గుడ్డ విప్పి చీదితే నల్లగా వచ్చింది. చేతులు మోచేతుల దాకా మసి. ఆ చేతులతోనే పక్కనున్న సంచిలోంచి రొట్టె తీసి తిన్నాడు. వారానికి వంద గ్రాములు తినే మన లెక్కలన్నీ వాడి ముందు ఎందుకూ కొరగావు.

ఇప్పుడు మీ ఎనిమిది నెలల సంగతి. పీఏహెచ్‌లకి రక్తపరీక్ష చేయించుకోవడం అనవసరం. మూత్రంలో చూసే పరీక్ష ఒకటుంది గానీ అది గత ఒకటి రెండు రోజుల సంగతే చెప్తుంది. డయాక్సిన్ పరీక్ష ఖర్చు మోయలేనిది, ఫలితం వచ్చినా చేసేదేమీ లేదు. చేయించాల్సింది ఒక్కటే, మీ ఆవిడకి రక్తంలో సీసం. డెసిలీటరుకి 5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే మూలం వెతికి ఆపమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకం. గర్భిణికి తిండిలో కాల్షియం చాలకపోతే మాత్రలు ఇమ్మంటుంది, ఇనుము లోటు ఉంటే అదీ ఇమ్మంటుంది. రెండూ ఆవిడ ఇప్పటికే వేసుకుంటూ ఉండొచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు "పొన్మో తింటాం" అని మాత్రం చెప్తే తల ఊపి వదిలేస్తారు, అక్కడ అందరూ తింటారు. కాల్చిన రకం, ఎన్నాళ్లుగా, వారానికి ఎన్నిసార్లు అని చెప్పండి. ఇంట్లో పాత పెయింటు, కంటి కాటుక లాంటివి ఉంటే అవీ చెప్పండి. ఎందుకంటే సీసం ఎక్కువని తేలితే నేరం మొత్తం పొన్మో మీదకి తోసేసి అసలు మూలాన్ని ఇంట్లోనే వదిలేసే ప్రమాదం ఉంది. అలాంటి కేసులు నేను రెండు చూశాను, రెండింటిలోనూ తేలింది కాటుకే.